రాజీనామా కంటే ముందు ఒక కంది పంట

“పైసల కోసమైతే రావద్దు బిడ్డా. పైసలే వద్దనుకుంటే అసలే రావద్దు.”

మేనమామ అన్న మొదటి మాట ఇది. ఆయనది వికారాబాద్ జిల్లాలో తాండూరు పక్క పల్లె. నాలుగెకరాల ఆసామి. మూడెకరాలు ఎర్రచెలక, ఒక ఎకరం నల్లరేగడి. అరవై దాటినా గుంటుక ఇప్పటికీ తనే తోలుతాడు. మేనకోడలు గచ్చిబౌలిలో పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. మార్చిలో రాజీనామా, ఏప్రిల్‌లో మామ ఊళ్లోనే రెండెకరాల రిజిస్ట్రేషన్, మృగశిర కార్తెలో విత్తనం. ఆమె వేసుకున్న వరస ఇదీ. మామ సంతోషిస్తాడనుకుని చెప్పడానికి వచ్చింది. ఆయన సంతోషించలేదు.

నౌకరీ వదిలి భూమి దగ్గరికి పోదామన్న మాట హైదరాబాద్, విజయవాడ, బెంగళూరుల్లోని తెలుగు ఇళ్లల్లో ఇప్పుడు తరచుగా వినబడుతోంది. చాలా చోట్ల అది వీడియోలు చూసి మురిసిపోవడంతో ఆగిపోతుంది, లేదంటే పెద్దవాళ్లు కసిరితే సద్దుమణుగుతుంది. ఈ ఇద్దరూ మాత్రం కాగితం, పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నారు. అందుకే వీళ్ల వాదన రాయదగ్గదయింది.

మామ కందితో మొదలుపెట్టాడు. “చెలకల వానకాలం కంది మంచిగొస్తే ఎకరానికి ఐదు కింటాళ్లు. 2025-26కు మద్దతు ధర కింటాలుకు 8,000. మొత్తం నలభై వేలు. దున్నుడు, ఇత్తనం, రెండుసార్లు కలుపు, మూడుసార్లు మందు, కోత, మిషన్ కిరాయి, అన్నీ తీస్తే సగం పోతది. ఎకరానికి ఇరవై వేలు మిగిలితే దేవుడు సల్లగ చూసినట్టే. రెండెకరాలకు నలభై వేలు. జూన్‌ల ఇత్తితే జనవరిల చేతికొస్తది. నీకు నెలకెంతొస్తది?”

ఆమె చెప్పలేదు.

“పూత మీదున్నప్పుడు నాలుగొద్దులు మబ్బుపట్టి ముసురు పెట్టిందనుకో, పూత రాలిపోతది. మచ్చల పురుగు పూతను, కాయను కలిపి గూడు కడ్తది. అప్పుడు ఐదు కాదు, రెండు కింటాళ్లు. ఖర్సు మాత్రం తగ్గదు.”

ఆయన లెక్కలో అతిశయోక్తి లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2018-19 వ్యవసాయ సంవత్సరానికి చేసిన సర్వే ప్రకారం రైతు కుటుంబం నెల ఆదాయం అన్ని మార్గాలూ కలిపి తెలంగాణలో సగటున 9,403 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 10,480. అప్పు ఉన్న రైతు కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి తొంభైకి పైనే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు దాదాపు రెండు లక్షల నలభై ఐదు వేలు. అప్పటి దేశ సగటు 74 వేలే. నగరం వదిలి వచ్చేవాళ్లు చూడాల్సిన మొదటి అంకెలు ఇవి. భూమి మీద పుట్టి, భూమిని ఎరిగి, ఇంటిల్లిపాదీ చాకిరీ చేసేవాళ్ల ఆదాయం ఇది.

మేనకోడలికి ఆ సర్వే తెలుసు. ఆమె అందులో ఇంకో వరుస చదివింది.

“దేశం మొత్తం మీద రైతు కుటుంబానికి నెలకు 10,218 వస్తే, పంట మీద వచ్చింది 3,798 మామా. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంటే రైతు ఇంటికి పంట కన్నా జీతమే ఎక్కువ తెచ్చిపెడుతోంది. నీ ఇల్లు కూడా అంతే కదా. బావ పటాన్‌చెరు నుంచి పంపకపోతే పోయినేడు నువ్వు బోరు మోటారు మార్పించేవాడివా? మా ఇంట్లో ఆయన జీతం నడుస్తుంటే నేను పొలం చేస్తానంటున్నాను. నువ్వు చేస్తున్నదీ అదే.”

మామ వెంటనే జవాబివ్వలేదు. తర్వాత అన్నాడు: “అది నిజమే. కని నేను పుట్టి ఈడ పడ్డ. నువ్వు కోరి పడ్తనంటున్నవు.”

“అక్కడ మాత్రం నాకు గ్యారంటీ ఉందా? 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ! మా ఫ్లోర్‌లో నలభై ఐదు దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే వేళ్లు మిగులుతాయి. ఎనిమిదేళ్లు టెస్ట్ చేసిన ఒక సాఫ్ట్‌వేర్‌ను పోయినేడాది మొత్తంగా తీసేశారు. నా పిల్లలకు చూపించడానికి కూడా ఇప్పుడది లేదు.”

ఇది విని మామ మెత్తబడ్డాడు, ఒప్పుకోలేదు. ఉద్యోగం మీద విసుగు వేరు, వ్యవసాయం మీద మక్కువ వేరు అని ఆయనకు గట్టి నమ్మకం. విసుగుతో వచ్చినవాళ్లు రెండో వానకాలం దాటి నిలవరంటాడు. ఈ మాట వినడానికి కటువుగా ఉన్నా నిజం. మేనకోడలిలో ఆ రెండూ ఉన్నాయి. ఏది ఎంత అన్నది ఆ పూటకు ఆమెకూ తెలియదు.

ఇక భూమి. ఇక్కడ మామ మరింత పట్టుగా మాట్లాడాడు.

“ఎకరం ముప్పై లక్షలంటున్నరు. రెండెకరాలకు అరవై. ఏడాదికి నలభై వేలు మిగిలితే పెట్టిన పైసలు తిరిగి రానీకె నూటయాభై ఏండ్లు. బ్యాంకుల ఏస్తే ఆరు శాతం మిత్తికే ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. పంట కోసం కొంటున్ననని నాకు చెప్పకు. ఈ ధర పంటది కాదు, ప్లాట్లోళ్లది.”

శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ రోడ్ల మీద ‘ఫామ్ ప్లాట్ల’ బోర్డులు చూసినవాళ్లకు ఆ కోపం అర్థమవుతుంది. ఎకరం భూమిని గుంటల లెక్కన ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ నాలుగు మామిడి మొక్కలు, ఒక గేటు పెట్టి అమ్ముతారు. నలభై గుంటల ఎకరంలో అలా ఎంతమంది యజమానులైనా పుట్టవచ్చు, సేద్యం మాత్రం ఒక్కరూ చేయరు.

కాగితాల సంగతీ ఆయనే ఎత్తాడు. తెలంగాణలో 1977 చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొనకూడదు, కొన్నా నిలవదు. ఇక్కడి భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. పాసుపుస్తకం చూసి సరిపెట్టుకోకుండా నిషేధిత జాబితా చూడాలి, హద్దులు కొలిపించాలి, అన్నిటికన్నా ముందు పొలంలోకి బాట ఉందో లేదో చూడాలి. బాట లేని చెలకకు ట్రాక్టరు రావాలంటే నలుగురి గట్లు దాటాలి, నలుగురి దయ కావాలి. ఇది రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ చెప్పరు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకైతే ఇంకో అడ్డు: ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు.

“సరే, అన్నీ చూసే కొంటాను,” అంది ఆమె.

“చూస్తవు. ఆ రెండెకరాలు ఇప్పుడెవరు చేస్తున్నరో చూసినవా?”

చూడలేదు. ఆ పొలం పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆరేళ్లుగా కౌలుకు చేస్తున్నది అదే ఊరి ఒంటరి ఆడమనిషి. 2018లో రైతుబంధు మొదలైనప్పటి నుంచీ పెట్టుబడి సాయం పట్టాదారుకే పడుతూ వచ్చింది. చెమటోడ్చిన కౌలుదారు చేతికి రాలేదు. పీఎం కిసాన్ ఆరు వేలూ అంతే, భూమి పేరున్నవాళ్లకే. భూమి అమ్ముడుపోతే ఆమెకు అడగడానికి కూడా ఏమీ ఉండదు.

“నువ్వు వచ్చి ఒక రైతైతవు. ఊళ్లె ఒక రైతు తగ్గుతది. లెక్క సమానం.”

నగరం నుంచి వచ్చేవాళ్ల గురించి రాసే వ్యాసాల్లో ఈ ప్రశ్న దాదాపు కనిపించదు. కనిపించాలి. చెడిపోయిన నేలను బాగుచేస్తామని వచ్చేవాళ్లలో చాలామంది మంచివాళ్లే, కానీ వాళ్లు కొనే నేల చాలాసార్లు ఖాళీగా లేదు. మేనకోడలు కాగితం మీద ‘ఏప్రిల్: రిజిస్ట్రేషన్’ అన్న వరుస కొట్టేసింది. వాదన ఓడిపోయినందుకు కాదు. ఆ కౌలుదారు ఆమెకు చిన్నప్పుడు రేగుపళ్లు ఏరిపెట్టిన మనిషి.

కానీ పొలం ఆలోచన కొట్టేయలేదు. ఆమె అసలు బలం అమ్మకంలో ఉంది, ఆ సంగతి ఆమెకు తెలుసు.

“కందులు యార్డులో పోయడం నా ఆలోచన కాదు మామా. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇక్కడి పప్పు తొందరగా ఉడుకుతుందని, రుచి వేరని హైదరాబాద్ అంతా తెలుసు. కింటాలు కందులకు డెబ్భై కిలోల దాకా పప్పు వస్తుంది. కిలో 180కి అమ్మితే పన్నెండు వేల ఆరు వందలు. యార్డులో ఎనిమిది వేలు. మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగొందల ఇళ్లున్నాయి.”

“మొదటి ఏడు నీ మీద ప్రేమతోని కొంటరు. రెండో ఏడు పప్పును చూసి కొంటరు. పప్పెవరు చేస్తరు?”

అంతసేపూ లోపలి నుంచి వింటున్న అత్త చాట పట్టుకుని బయటికొచ్చి కూర్చుంది. పప్పు చేసేది ఆమే. కల్లం నుంచి వచ్చిన కందులకు ఎర్రమన్ను జారుగా కలిపి పట్టిస్తుంది. ఒక రాత్రి కుప్పగా ఉంచి, ఆ తర్వాత రోజుల తరబడి ఎండబోస్తుంది. మన్ను పొట్టును ఎండగట్టి పప్పు నుంచి వదిలిస్తుంది. పురుగునూ దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత ఇసుర్రాయి. రాయి పైదిమ్మను మరీ బిగిస్తే నూకవుతుంది, వదులు చేస్తే కంది కందిగానే బయటపడుతుంది. ఆ పట్టు ఆమె చేతికే తెలుసు. ఇసిరాక చాటతో చెరిగితే పొట్టు ముందుకు, నూక పక్కకు, బద్దలు వెనక్కి చేరతాయి. ఒక పూటకు ఎనిమిది కిలోలు దాటవని చెప్పింది.

మేనకోడలు కాగితం మామ వైపు తిప్పింది. “నీ ఖర్చులో దున్నుడుంది, మందుంది, మిషన్ ఉంది. అత్త కూలి ఏది?”

కాగితంలో అది లేదు. ఆయన రాసిన ‘రెండుసార్లు కలుపు’లోనూ అత్త కూలి లేదు, బయటి నుంచి వచ్చిన కూలీలవే ఉన్నాయి. “ఇంటి మనిషికి కూలేంది?” అన్నాడాయన. అత్త ఏమీ అనలేదు గానీ చాట ఆడించడం ఆపింది. మామ చెప్పిన ఇరవై వేల మిగులులో సగం దాకా అత్త రెక్కల కష్టమేనని ముగ్గురికీ అర్థమైంది. చిన్న కమతం నిలబడుతున్నదంటే చాలా ఇళ్లల్లో దాని కింద ఇలాంటి జమకాని కూలి ఉంటుంది. నౌకరీ వదిలి వచ్చేవాళ్లు దీన్ని ముందే రాసుకోకపోతే, ఆ భారం భార్య మీదో, ఊళ్లోని ఏ బంధువు మీదో పడుతుంది.

తర్వాత మందులు లేని సేద్యం మీదికి మాట మళ్లింది. మేనకోడలు ఆంధ్రప్రదేశ్ ఉదాహరణ తెచ్చింది. అక్కడ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని లక్షల మంది రైతుల దాకా తీసుకుపోయింది. తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లి నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచే పద్ధతిని రాయలసీమ చెలకల్లో కూడా చేసి చూపించింది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం అందుకున్నవాళ్లలో ఆ కార్యక్రమం ఒకటి.

“జీవామృతం సంగతి నాకు తెల్వదా?” అన్నాడు మామ. రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, పది లీటర్ల దాకా మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మన్ను పిడికెడు. నీడలో రెండు రోజులు పులియబెట్టి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కర్రతో కలపాలి. ప్రకృతి సేద్యం నేర్పిన సుభాష్ పాలేకర్ శిబిరాల నుంచి ఈ కొలతలు తెలుగు పల్లెలన్నిటికీ చేరాయి. “కొలతలు అందరికీ వచ్చు. ఆవుకు సెలవుండదు, అదీ కష్టం. నువ్వు దీపావళికి పిల్లలను తీసుకొని పోతవు. ఆవు పోదు.”

“ఎనబావి వాళ్లు చేశారు కదా. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల ఆడవాళ్లు చేశారు కదా.”

“చేసిండ్రు. ఒక్కొక్కరే చేసిండ్రా?”

వాదన మొత్తంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. జనగామ జిల్లా ఎనబావి 2006లో రసాయనాలు పూర్తిగా మానేసిన ఊరిగా పేరు పొందింది; యాభై దాకా కుటుంబాలు కలిసి తీసుకున్న నిర్ణయం అది. పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కూడగట్టిన దళిత మహిళల సంఘాలు విత్తనాన్ని చేతులు మారుస్తూ కాపాడుకున్నాయి, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ కార్యక్రమమూ నడిచింది మహిళా పొదుపు సంఘాల మీదే. మన దగ్గర ఈ దారిలో గట్టిగా నిలబడిన ఉదాహరణలన్నీ గుంపులవి. నగరం వదిలే మనిషి ఊహలో మాత్రం పొలం ఉంటుంది, తను ఉంటుంది, ఇంకెవరూ ఉండరు. ఆమె ప్రణాళికలో కూడా లేరు.

ఒంటరిగా దిగినవాళ్లలో తెలుగు పాఠకులకు బాగా తెలిసిన మనిషి జపాన్ రైతు మసనోబు ఫుకుఒకా. ‘గడ్డిపరకతో విప్లవం’ చదివి పొలం కొన్నవాళ్లు మనలో ఎందరో. యొకొహామా కస్టమ్స్‌లో మొక్కల తెగుళ్ల పరీక్ష ఉద్యోగం చేస్తున్న ఆయన ఇరవై ఐదో ఏట దాన్ని వదిలి తండ్రి ఊరికి చేరాడు. కత్తిరింపులు లేకుండా చెట్లను వాటి మానాన వదిలేశాడు. కొమ్మలు చిక్కుబడి, పురుగు పట్టి నారింజ తోట ఎండిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్లీ ఉద్యోగంలో చేరి, జపాన్‌లోనే ఉన్న కొచ్చి పరిశోధన కేంద్రంలో కొన్నేళ్లు పనిచేశాకే ఊరికి తిరిగొచ్చాడు. ఆయన పేరు చెప్పి రాజీనామా చేసేవాళ్లు ఆ మధ్య ఏళ్లను దాటవేస్తారు.

మేనకోడలు ఈ కథ తెలిసే వచ్చింది. “ఆయనకూ తండ్రి తోట దొరికింది మామా. నేర్చుకోవడానికి పాడుచేసే హక్కు ఎవరో ఇచ్చారు. నాకూ అది కావాలి.”

మామ నవ్వాడు. ఊరికి పడమట ఆయనకే ఇరవై గుంటల చెలక రెండేళ్లుగా పడావు పడి ఉంది. కూలీలు దొరక్క, అడవి పందుల బెడద తట్టుకోలేక వదిలేశాడు. చుట్టూ పాత చీరెలు కట్టి చూశాడు. ఒక ఏడు బెదిరిన పందులు రెండో ఏడు చీరెల కింద నుంచి దూరాయి. ఆ తుమ్మ తుప్పల మధ్య ఎవరి పొట్టా కొట్టకుండా మొదలుపెట్టవచ్చు.

“అది చెయ్యి. కొనకు, కౌలు కట్టకు. నౌకరి ఇడువకు. శని, ఆది రా.”

“పురుగు శనివారం దాకా ఆగుతుందా?”

దీనికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర ఉంది: వారానికి మూడు రోజులే ఆఫీసుకు రమ్మంటున్నారు, మిగతా రెండు రోజుల పని ఈ వాకిట్లో కూర్చునీ చేయవచ్చు. వారంలో నాలుగు రోజులు ఊళ్లో. మిగతా మూడు రోజులు అత్త చూస్తుంది, రోజు కూలి లెక్కన, కాగితం మీద రాసి. అత్త ఈసారి వెంటనే మాట్లాడింది: “రాసుడు గాదు, చేతికియ్యాలె.”

నీళ్ల గురించి మామ బోరు వద్దన్నాడు. ఉచిత కరెంటు 2018 జనవరి నుంచి 24 గంటలూ ఉంది, కానీ రాతి పొరల్లో నీళ్లు ఉన్నాయో లేవో కరెంటు చెప్పదు. తెలంగాణలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల వాన. అంటే ఎకరం మీద పడేది 36 లక్షల లీటర్లు, ఇరవై గుంటల మీద 18 లక్షలు. అందులో ఎక్కువ భాగం వానకాలపు నాలుగు నెలల్లోనే పడి, వాలు వెంట పక్కవాళ్ల చేను మీదుగా వాగులో కలుస్తుంది. వాలుకు అడ్డంగా కందకాలు తీయిస్తే కందికి సరిపోయే తడి నేలలోనే ఉంటుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం గొడవ లేకుండా తేలినది ఇదొక్కటే.

రాజీనామా తేదీ మీద మాత్రం రాజీ కుదరలేదు. జూన్‌లో విత్తిన కంది సంక్రాంతికి కల్లానికొస్తుంది. ఆమె కంపెనీలో నోటీసు మూడు నెలలు. సంక్రాంతికి ఉత్తరం ఇస్తే ఏప్రిల్ నడిమికి బయటపడవచ్చు, రెండో మృగశిరకు పూర్తిగా ఇక్కడే ఉండవచ్చని ఆమె లెక్క. పప్పు రెండో ఏడు కూడా అమ్ముడుపోతేనే ఉత్తరం రాయాలని మామ పట్టు. ఆమె తలూపలేదు, ఆయనా వదల్లేదు.

విత్తనం దగ్గర మళ్లీ మొదలైంది. తొందరగా కోతకొచ్చే పీఆర్‌జీ 176 వేయమని మామ. పస్తాపూర్ సంఘాల దగ్గర దొరికే పాత రకం కావాలని మేనకోడలు. ఆలస్యంగా వచ్చే రకం పూత మంచులో చిక్కుతుందని ఆయన, పప్పు రుచి దానిదేనని ఆమె.

“ఇరవై గుంటలకు కిలోన్నర ఇత్తనం చాలు,” అన్నాడు చివరికి. “చెరి సగం పెట్టు. నడుమ నాలుగు సాళ్లు జొన్న ఏసి ఇడదియ్యి. కల్లంల రెండూ వేరు వేరుగ తూకమేద్దం. ఇసురుడు గూడ వేరుగనే. యే పప్పు దేనిదో మీ అపార్ట్‌మెంటోళ్లకు చెప్పకుండ అమ్ము, ఏది మళ్లీ అడుగుతరో చూద్దం.”